అందరికీ సరిపోయే సైకిలు

మా ఆయన ఆస్పత్రి స్టోర్సులో పనిచేస్తాడు. రోగులకి తొడిగే గౌన్లు, దుప్పట్లు, రబ్బరు చెప్పులు అన్నీ ఆయన చేతి మీదుగానే వార్డులకి వెళ్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరు నూరిపోశారో గాని, ఒక సూత్రం పట్టుకున్నాడు. ఏది కొన్నా పెద్ద సైజు కొనాలి. పెద్దది చిన్నవాళ్లకీ పనికొస్తుంది, చిన్నది పెద్దవాళ్లకి పట్టదు. ఆస్పత్రిలో ఆ సూత్రం బాగానే నడుస్తుంది. గౌను వదులైందని ఏ రోగీ ఫిర్యాదు చెయ్యడు, వాడి బాధలు వాడివి. మా ఆయన మాత్రం ఆ సూత్రాన్ని ఖాళీ క్యారేజీతో పాటు సాయంత్రం ఇంటికి కూడా మోసుకొచ్చాడు.

అప్పటినుంచి మా ఇంట్లో అన్ని వస్తువులదీ ఒకటే సైజు. ఆ సైజు ఆయనది. వానాకాలం నా కోటు చేతులు మూడు మడతలు పెడితే గాని నా వేళ్లు బయటికి రావు. పెరట్లోకి వేసుకెళ్లే చెప్పుల్లో నేను నడిస్తే ముందు చెప్పులు వస్తాయి, వెనక నేను వస్తాను. ఆయన తాడిచెట్టంత మనిషి, పొడుగుకి తగ్గ ఒడ్డూ ఉంది. నేను పొట్టి, కాస్త గుండ్రం. ఈ సంగతి పెళ్లినాటి నుంచీ ఆయనకి తెలుసు.

నేను బట్టలు కుడతాను. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మిషను. కాలితో తొక్కే పాత మిషనే. మోటారు పెట్టించుకోమని అందరూ సలహా ఇస్తారు గాని, కాలితో అయితే కుట్టు నా మాట వింటుంది. చుట్టుపక్కల వీధుల్లో ఎవరి నడుమెంతో, ఎవరి భుజం ఏ పక్కకి వాలుతుందో నాకు తెలుసు. నా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ఏది కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతాను. పిల్లలు ఎదుగుతారు, పెద్దలు లావెక్కుతారు, అక్క బట్ట చెల్లికి వస్తుంది. కుట్టు విప్పి వదులు చేస్తే సరిపోతుంది. నాకు గిరాకీ వచ్చిందే ఆ రెండు వేళ్ల వల్ల.

మిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. దాని కొస మీద బల్లలాంటి ఒక రాయి ఉంది. పొద్దున్నే ఎండ ముందు దాని మీదే పడుతుంది. ఇన్నేళ్లుగా సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా దాన్ని చూస్తున్నాను. ఒక్కసారి ఆ రాతి మీద నిలబడి, అక్కడి నుంచి ఇటు మా ఇంటిని చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఇదేం కోరికని ఎవరైనా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

స్కూల్లో ఆటలు నేర్పే టీచరమ్మ ఒకరోజు వచ్చి, సైకిలు తొక్కేవాళ్లు వేసుకునే నిక్కరు కుట్టగలవా అక్కా అని అడిగింది. సీటు తగిలేచోట లోపల మెత్త ఉండాలట. షాపుల్లో దొరికేవి ఆమె ఒడ్డూ పొడుగుకి కుదరడం లేదు. ఆమెదీ నా ఎత్తే. స్పాంజిని మూడు ముక్కలుగా కోసి, అంచులు పలచగా చెక్కి కుట్టిచ్చాను. రెండోరోజే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, సీటు మీద కూర్చున్నట్టే లేదు. దివాను మీద కూర్చున్నట్టుంది!"

ఆదివారాలు ఆడామగా కలిసి ఒక పదిమంది దాకా కొండ సైకిళ్ల మీద పాత క్వారీ దారిన పైకి వెళ్తారట. బల్లరాతి దగ్గర కూర్చుని ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి దిగుతారట. బల్లరాయి అనేసరికి నా చేతిలో కత్తెర ఆగిపోయింది. టీచరమ్మ మొహం చూసి మనసు చదివే రకం. ఆ సాయంత్రమే నన్ను స్కూలు గ్రౌండుకి లాక్కెళ్లి తన సైకిలు ఎక్కించింది.

చిన్నప్పుడు మా అన్నయ్య సైకిలు తొక్కేదాన్ని. అది నాకంటే పొడుగు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, గూని దానిలా వంగి తొక్కేదాన్ని. సీటు మీద కూర్చుని తొక్కడం అంటే ఏమిటో యాభై దగ్గరపడ్డాక ఆ గ్రౌండులో తెలిసింది. ఆగాలనుకున్నప్పుడు రెండు కాళ్లూ నేలకి ఆనాయి. అంతే. ఆ మాత్రానికే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను.

"మిషను తొక్కి తొక్కి నీ కాళ్లు ఉక్కు కడ్డీలయ్యాయక్కా. నువ్వు కొండ ఎక్కేస్తావు" అంది టీచరమ్మ. ఎలాంటిది కొనాలో కూడా ఆమే చెప్పింది. "ఖరీదైన వాటి జోలికి పోకు. మనమేం పందేలకి వెళ్లడం లేదు, సరదాకి తొక్కుతాం. ముందు చక్రానికి ఒక్క స్ప్రింగు చాలు. చవక సైకిలుకి వెనక కూడా స్ప్రింగు పెట్టారంటే అది ఉత్త బరువు, ఎత్తు ఎక్కేటప్పుడు నీ బలమంతా అదే తినేస్తుంది. గేర్లు ఎన్నున్నాయని కాదు, సులువుగా మారుతున్నాయా చూడు. బ్రేకు గట్టిగా పడాలి. అన్నిటికంటే ముందు సైజు. అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే కడ్డీకీ నీకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి."

సైకిలు కొనేది నా కుట్టు డబ్బుతోనే. అయినా మా ఇంట్లో గరిటె కొన్నా మా ఆయన వెంట రావాలి. వచ్చాడు.

షాపులో సైకిళ్లు కప్పు నుంచి కొక్కేలకి వేలాడుతున్నాయి. కొత్త టైర్ల వాసన. మూలన బూడిద రంగుది ఒకటి ఉంది. షాపతను కొక్కెం కర్రతో దాన్ని కిందికి దించి, గుడ్డతో దుమ్ము తుడిచాడు.

"పోయినేటి మోడలమ్మా. చిన్న సైజు. ఈ సైజు అడిగేవాళ్లు తక్కువ, అందుకే రేటు బాగా తగ్గించాం."

షాపు వెనక సందులో ఎక్కి చూశాను. ముందు నిలబడి నాలుగు వేళ్లు పెట్టి చూసుకున్నాను, సరిగ్గా పట్టాయి. సందు చివర గుంతలో నీళ్లున్నాయి. కావాలనే అందులోంచి పోనిచ్చాను. ముందు స్ప్రింగు ఒక్కసారి కిందికి పోయి పైకి వచ్చింది, మడమల మీద బురద చింది పడింది. తిరిగి వచ్చేటప్పుడు బ్రేకు వేస్తే గోడకి ఇంకా దూరం ఉండగానే ఆగింది. టీచరమ్మ చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. ఎవరూ అడక్క మూలన వేలాడుతున్న సైకిలు నాకోసమే ఆగినట్టుంది.

"ఇదేనండీ" అన్నాను.

మా ఆయన అప్పటికి చేతులు వెనక్కి కట్టుకుని షాపంతా తిరుగుతున్నాడు, సరుకు తనిఖీకి వచ్చినట్టు.

"ఎవరూ కొనంది మనమెందుకు కొనాలి?" అన్నాడు. ఒక ఎర్ర సైకిలు ముందు ఆగాడు. ముందూ వెనకా స్ప్రింగులు. గేర్లు లెక్కపెట్టాడు, బూడిద రంగుదానికంటే ఎక్కువే. రేటు అడిగాడు, దాదాపు అంతే. "చూశావా? అదే రేటుకి ఇంత సైకిలు వస్తుంటే ఆ పిల్ల సైకిలెందుకు?"

"అది నాకు ఎత్తండీ."

"సీటు దించుతారు."

"సీటు దిగుతుంది, కడ్డీ దిగదు కదా."

"అలవాటవుతుందిలే. రేపు అబ్బాయి హాస్టలు నుంచి వస్తాడు, వాడూ తొక్కుతాడు. బావ వస్తాడు, ఆయనా తొక్కుతాడు. వస్తువన్నాక అందరికీ పనికిరావాలి."

"మేడంకి అదే కరెక్టు సార్" అన్నాడు షాపతను.

"అమ్ముడుపోని సరుకు కాబట్టి మీరు అలాగే అంటారు" అన్నాడు మా ఆయన. అతను గుడ్డ భుజాన వేసుకుని పక్కకి తప్పుకున్నాడు. ఏది పోయినా అతనికి బేరమే.

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నేను నాలుగో కాలు పట్టుకుని చూపించినా అది కాలు కాదంటాడు. అక్కడితో ఆగలేదు, వాళ్లక్కకి ఫోను చేశాడు. మా వదిన గొంతు షాపంతా వినిపించింది.

"పెద్దదే తీసుకోరా! మీ బావగారికి డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. క్యారియరు పెట్టించు, బియ్యం బస్తా వేసుకురావచ్చు. స్టాండు మర్చిపోకు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. వదిన భర్త మా ఇంటికి వచ్చేదే ఎప్పుడో ఒకసారి. వస్తే సోఫా దిగడు. మోకాళ్ల నొప్పులని మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే తెప్పించుకుంటాడు. ఆ మోకాళ్ల కోసం నా సైకిలు సైజు ఖాయమైంది. కొండలెక్కాల్సిన సైకిలుకి క్యారియరు, స్టాండు, గంట, మట్టి చిందకుండా రేకులు, అన్నీ బిగించారు. షాపతను బూడిద రంగుదాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురిలో మొగుడితో సైకిలు కోసం తగువు పెట్టుకుంటే చూసేవాళ్లకి వినోదం తప్ప నాకు దక్కేదేమీ లేదని పళ్లు బిగబట్టాను.

ఆ వారం అంతా రాత్రి వంటయ్యాక నా నిక్కరు కుట్టుకున్నాను. ఊళ్లోవాళ్ల కొలతలన్నీ తీసే నేను నా కొలత తీసుకోవడం అదే మొదటిసారి. అంతకు ముందు నావన్నీ మిగిలిన ముక్కలతో, కంటి అంచనాతో కుట్టుకున్నవే. టేపు ఒక కొస నోట్లో కరుచుకుని, అద్దం ముందు నానా తిప్పలు పడి, నడుమూ తొడా కొలిచి, సుద్దతో గీసి కోశాను. స్పాంజి మాత్రం టీచరమ్మదానికంటే మంచిది వేసుకున్నాను. నా పనితనం నాకోసం ఒక్కసారైనా వాడుకుందామనిపించింది.

ఆదివారం పొద్దున ఎర్ర సైకిలు నడిపించుకుంటూ స్కూలు గేటు దగ్గరికి వెళ్లాను. ఎక్కాలంటే అరుగు కావాలి, అందుకని నడిపించుకుంటూ వెళ్లాను. టీచరమ్మ సైకిలు వంక చూసింది, నా వంక చూసింది.

"ఇదెవరిదక్కా?"

"నాదే."

ఆమె చక్రాల్లో గాలి నొక్కి చూసి, "సరే, మెల్లగా రా. నేను వెనక ఉంటాను" అంది.

తారు రోడ్డు మీద బాగానే ఉంది. క్వారీ దారి ఎక్కేసరికి సైకిలు ఊగడం మొదలుపెట్టింది. ఒక్కో తొక్కుడుకీ వెనక స్ప్రింగు కిందికి కుంగి, నా బలం కాస్తా మింగేసి పైకి లేస్తోంది. క్యారియరు కడకడలాడుతోంది. అయినా ఎక్కాను. అబద్ధమెందుకు, సగం దాకా ఎక్కాను. ఒక మలుపు తిరగ్గానే బల్లరాయి పైన కనిపించింది, ఇంత దగ్గరగా. అప్పుడే నా ముందు వెళ్తున్న ఒకతను సైకిలు చెయిను ఊడి ఠక్కున ఆగాడు. నేనూ బ్రేకు వేసి కాలు కింద పెట్టబోయాను. నేల ఉండాల్సిన చోట లేదు. కడ్డీ వచ్చి నాకు తగిలింది, కళ్లు బైర్లు కమ్మాయి. పక్కకి పడ్డాను, నా మీద సైకిలు పడింది. కుడి మణికట్టు దగ్గర పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

టీచరమ్మ సైకిలు లాగి అవతల పడేసి నా పక్కన కూర్చుంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"ఇంత ఎత్తుది నీకు ఎవరు కొనిపెట్టారక్కా?"

"మా ఇంట్లోవాళ్లందరూ కలిసి" అన్నాను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆదివారం సరదాకి పోతే మిగతా వారమంతా చేసే పని కూడా పోయింది. కుడిచేతికి సిమెంటు కట్టు, మిషను మీద ముసుగు. కుట్టాల్సిన బట్టలు మూటలు కట్టి మూల పడేశాను. కొందరు ఓపిక పట్టారు, కొందరు వచ్చి వాళ్ల గుడ్డ వాళ్లు పట్టుకుపోయారు.

మా ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. అన్నం కలిపి పెట్టాడు, జడ కూడా వేశాడు. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకే, చెప్తే వినవు" అన్నాడు. చెప్పినట్టు నాకు గుర్తులేదు. మందుల షాపుకి వెళ్లి చెయ్యి మెడకి తగిలించుకునే పట్టీ తెచ్చాడు. పెద్ద సైజు. నా మోచెయ్యి అందులోంచి జారిపోతూనే ఉండేది.

సైకిలు ఊరికే పెడితే తుప్పు పడుతుందని ఆయన ఆస్పత్రికి దాని మీద వెళ్లడం మొదలుపెట్టాడు. సీటు పైకి ఎత్తించాడు. క్యారియరు చప్పుడు చేస్తోందని పీకించేశాడు, స్టాండు కూడా. ఆయన కాళ్లకి అది కుట్టించినట్టు సరిపోయింది. వీధిలో వెళ్తుంటే జనం తిరిగి చూసేవాళ్లు. కొన్నాళ్లకి, "మీ టీచరమ్మ వాళ్లు ఆదివారం ఎన్నింటికి బయల్దేరతారు?" అని అడిగాడు. నేను చెప్పాను. చెప్పకపోతే దార్లో ఎవరినడిగినా చెప్తారు.

టీచరమ్మ నన్ను చూడ్డానికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మీ ఆయన వస్తున్నారక్కా. బాగానే తొక్కుతున్నారు. వద్దని ఎలా అంటాను?"

"ఎందుకంటావు, రానీ."

"ఆ బూడిద రంగుది ఇంకా అక్కడే వేలాడుతోంది. రేటు ఇంకా తగ్గించారట."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగాను. చెయ్యి బాగై నాలుగు బట్టలు కుడితే ఆ డబ్బు వచ్చేదే కదా, ఈలోగా మీరు కొనండి అన్నాను. మా ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"ఉన్నదే తొక్కలేకపోయావు, ఇంకోటెందుకే? ఒక ఇంట్లో రెండు సైకిళ్లా? చెయ్యి కుదురుకున్నాక ఇదే తొక్కు. నేనేమైనా వద్దన్నానా?"

నిజంగానే ఆయన వద్దనలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ దేనికీ వద్దనలేదు. వద్దని ఉంటే పోట్లాడి తెచ్చుకునేదాన్నేమో. ఆయన సరేనని, నాకు కావలసినదాన్ని ఆయన సైజులో కొనిపెడతాడు.

కట్టు విప్పారు. చెయ్యి పూర్తిగా వంగడం లేదు గాని కత్తెర పట్టుకుంటోంది. ఒక శనివారం సాయంత్రం మా ఆయన కుర్చీలో ఒకవైపుకి ఒరిగి కూర్చుని మూలిగాడు.

"ఆ సీటు మహా చెడ్డ సీటే. టీచరమ్మ చెప్పింది, నువ్వు కుట్టిన నిక్కరు వేసుకుంటే నొప్పే ఉండదట. నీది బీరువాలో ఊరికే ఉందిగా, కాస్త వదులు చేసివ్వు."

"అది నా కొలతండీ."

"అయితే ఏం? నువ్వు ఎప్పుడూ లోపల గుడ్డ వదులుతావుగా."

నేను వదల్లేదని చెప్పబోయాను. అది నాది. నాకోసం కొలిచి కోసింది. పిల్ల ఎదుగుతుందని, చెల్లికి వస్తుందని చూసుకోవాల్సిన బట్ట కాదు. బీరువా తెరిచి, నిక్కరు తీసి, దీపం కింద తిరగేశాను.

ఉంది. రెండు పక్కలా, పై నుంచి కింది దాకా, సరిగ్గా రెండు వేళ్ల గుడ్డ. అంచు చిరగకుండా చక్కగా మడిచి కుట్టి మరీ ఉంచాను. ఆయన నడుముకి అది చాలు. తొడలకి ఇంకా మిగులుతుంది.

అంతవరకు నాకు ఆయన మీద కోపం వచ్చింది, వదిన మీద వచ్చింది, షాపతని మీద కూడా వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు. అది నా చేతులు చూసుకున్నప్పుడు వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ పక్కన నిలబడి చెప్పలేదు. జన్మకి ఒక్కసారి నాకని కుట్టుకుంటూ, రేపు ఎవరికైనా పనికొస్తుందని నేనే వదిలిపెట్టాను. అప్పుడు నా మనసు కొండ మీద ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పెద్ద కత్తెర తీశాను. మణికట్టు సలుపుతోంది. కుట్టుకి ఆనించి, గుడ్డ మిగలకుండా, రెండు పక్కలా కోసేశాను. ఇరవై ఏళ్లకి పైగా ఈ పనిలో ఉండి నేను అలా కొయ్యడం అదే మొదలు. పొడుగాటి పీలికలు నాలుగు నేల మీద పడ్డాయి. వాటిని చెత్తబుట్టలో పడేసి కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాను.

"గుడ్డ లేదండీ. వదులు కాదు."

"అదేమిటి? నువ్వు వదలకుండా ఉండవే!"

"ఈసారి వదల్లేదు."

ఆయన నమ్మలేనట్టు చూసి, నిక్కరు తిరగేసి చూసి, పెదవి విరిచి పక్కన పెట్టాడు. "నాకు ఒకటి కొత్తది కుట్టు అయితే, తీరిక చూసుకుని" అన్నాడు. సరే అన్నాను. నేనూ ఆయనకి ఎప్పుడూ వద్దనలేదు.

మర్నాడు ఆయన పాత పైజమాలోనే వెళ్లాడు. ఎర్ర సైకిలు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి ఆ నిక్కరు వేసుకున్నాను. దాని మీద ఇంట్లో వేసుకునే గౌను తొడుక్కుని మిషను మీది ముసుగు తీశాను. మూటలు విప్పితే పని కొండంత ఉంది. స్టూలు మీద కూర్చున్నాను. టీచరమ్మ చెప్పింది నిజమే, కూర్చున్నట్టే లేదు. కిటికీలో కొండ దారి మీద చుక్కల్లాంటివి కదులుతూ ఉన్నాయి. వాటిలో ఎర్రది ఏదో అంత దూరం నుంచి తెలియడం లేదు. చూడకూడదనుకుంటూనే చూశాను.

ఎండెక్కాక ఆయన వచ్చాడు. మొహమంతా చెమట, దుమ్ము, సంతోషం. కూర్చోబోయి, నొప్పికి అబ్బా అని లేచి గోడకి ఆనుకున్నాడు.

"ఇవాళ పైదాకా ఎక్కేశామే! బల్లలాంటి రాయి ఒకటుంది, దాని మీద నిలబడితే ఊరంతా అరచేతిలో ఉన్నట్టు ఉంటుంది. మన ఇల్లు కూడా కనిపించింది, తెలుసా? నీ కిటికీ తెరిచే ఉంది. ఈ వేళప్పుడు నువ్వేం చేస్తున్నావో అనుకున్నాను."

నేను దారం కొరికి తెంపాను.

"మిషను తొక్కుతున్నాను" అన్నాను.